బెజవాడలో పుస్తకాలు చవక, గదులే ఖరీదు

పుస్తకాల కోసం విజయవాడ వెళ్లాలనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. లాడ్జికి ఫోన్ చేస్తే "24 గంటల చెకౌటేనండీ" అంటారు. అది విని ఊరుకోకండి, వాట్సాప్‌లో రాయించుకోండి. ఎందుకో కింద చెబుతాను.

విశాఖ నుంచి విజయవాడకి, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి అనుకుని నేను, అక్క, బావగారు బయల్దేరాం. అక్కకీ నాకూ పుస్తకాల పిచ్చి. బావగారికి పొద్దున్నే పేపరు ఉంటే చాలు. సంచులు మోయడానికి ఒక మనిషి కావాలని మేమే లాక్కెళ్లాం. శుక్రవారం సాయంత్రం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ దిగి, స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో ముగ్గురికీ ఒకే గది తీసుకున్నాం. అద్దె 1,400, అదనపు పరుపుకి 300. రిజిస్టర్లో సంతకం పెట్టేసరికి ఏడు. బ్యాగులు గదిలో పడేసి ఆటో ఎక్కాం.

విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి నడుస్తోంది. చాలా ఏళ్లు స్వరాజ్య మైదానం అంటేనే పుస్తకాల పండగ గుర్తొచ్చేది. అక్కడ అంబేడ్కర్ స్మృతివనం వచ్చాక ఇది బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ స్టేడియానికి మారింది. స్టాళ్లలో పది శాతం తగ్గింపు మామూలే, బేరాలు అక్కర్లేదు. చివరి రోజుల్లో వెళ్తే ఇంకాస్త తగ్గిస్తారని కొందరు ఆగుతారు కానీ, అప్పటికి మంచివన్నీ అయిపోతాయి. మొదటి వారంలోనే వెళ్లండి.

జనం ఏం కొంటున్నారో చూడటం నాకు కొనడమంత ఇష్టం. కాలేజీ పిల్లలు కొత్త ప్రచురణ సంస్థల స్టాళ్ల దగ్గర గుమిగూడారు. తమిళం, కన్నడం, మలయాళం నుంచి తెలుగులోకి వచ్చిన నవలలు, ఇప్పుడిప్పుడే రాస్తున్నవాళ్ల కథల పుస్తకాలు 150 నుంచి 300 మధ్యలో చకచకా పోతున్నాయి. పెద్దవాళ్లేమో పాత రచయితల సంపూర్ణ సంపుటాల దగ్గర తచ్చాడుతూ, బరువు చూసి దించేస్తున్నారు. తెలుగు ఎవరూ చదవడం లేదని ఉపన్యాసాలిచ్చేవాళ్లని ఓ సాయంత్రం ఇక్కడ నిలబెడితే సరిపోతుంది. బావగారు మాత్రం మిరపకాయ బజ్జీల బండి దగ్గరే నిలబడ్డారు. మేం బయటికొచ్చేటప్పటికి రెండో పొట్లంలో ఉన్నారు.

శనివారం పొద్దున గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ తిని (బావగారి ముఖం మొదటిసారి వికసించింది) లెనిన్ సెంటర్‌కి నడిచాం. ఊరంతటిలోకీ నాకు ఇష్టమైన చోటు ఇదే. పాత పుస్తకాల కొట్లలో పోటీ పరీక్షల గైడ్లే ముందు కనబడతాయి, సాహిత్యం వెనక ఎక్కడో అడుగున ఉంటుంది. అడగాలి. ఓపిగ్గా అడిగితే కొట్టతను నిచ్చెనెక్కి కట్టలు దించుతాడు. అలా దించిన వాటిలో అట్ట ఊడిన ఒక నవల దొరికింది. లోపల ఊదారంగు సిరాతో ఏదో పల్లెటూరి శాఖా గ్రంథాలయం ముద్ర, చివర అంటించిన చీటీ మీద ఆఖరి తేదీ 1987 మార్చి. తీసుకున్నవాళ్లు తిరిగివ్వలేదో, గ్రంథాలయమే తీసేసిందో మరి. "వెల రు. 4-50" అని అచ్చయిన పుస్తకానికి 400 చెప్పాడు. ఫోన్లో చూపించి, ఆన్‌లైన్‌లో 900 ఉందన్నాడు. ఈ ఫోన్లు వచ్చాక పాత పుస్తకాల బేరంలో సరదా పోయింది. 180కి ఇచ్చాడు.

పాత పుస్తకం కొనేముందు పేజీలు లెక్కపెట్టక్కర్లేదు, ఫారాలు (కలిపి మడిచి కుట్టే పేజీల కట్టలు) చూసుకుంటే చాలు. సాధారణంగా ఒక్కో ఫారం పదహారు పేజీలు. 16, 32, 48 ఇలా ఆగి తిరగేస్తే మధ్యలో ఏదైనా ఎగిరిపోయిందేమో అరనిమిషంలో తెలిసిపోతుంది. అక్క అలాగే చూసి, బాపు బొమ్మల అట్టలున్న పాత వారపత్రికల కట్ట ఒకటి 240కి తీసుకుంది. కొత్త పుస్తకాలకి అక్కణ్ణుంచి ఏలూరు రోడ్డు. రికార్డుల్లో కార్ల్ మార్క్స్ రోడ్డే గానీ, ఆటోవాళ్లకి ఏలూరు రోడ్డంటేనే తెలుస్తుంది. విశాలాంధ్ర పుస్తకాల షాపులో అరగంటలో పని ముగిసింది.

మోత సంగతికొస్తే, ప్రైవేటు కొరియర్ అతను రెండు పొట్లాలకి 760 అడిగాడు. "పోస్టాఫీసుకి పదండి" అంది అక్క. పుస్తకాలు చవగ్గా పంపుకునే పాత బుక్ పోస్ట్‌ని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసినప్పుడు పుస్తకాలవాళ్లంతా గగ్గోలు పెట్టారు గుర్తుందా? 2025 మే 1 నుంచి దాని బదులు జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల వరకూ 20 రూపాయలు, ఐదు కిలోలకి 100. ట్రాకింగ్ ఉంటుంది, రోడ్డు, రైలు మార్గాల్లో వెళ్తుంది కాబట్టి తొందరపడకూడదు. ఐదు కిలోలు దాటకుండా రెండు పొట్లాలు కట్టాం. పన్నులన్నీ కలిపినా కొరియర్ అడిగినదాంట్లో మూడో వంతు కాలేదు. ఒక్క చిక్కు, పత్రికలకి ఇది వర్తించదు. అక్క వారపత్రికల కట్ట వెనక్కొచ్చింది. కౌంటర్లో అమ్మాయి "ఇవి మీరే జాగ్రత్తగా పట్టుకెళ్లండి మేడమ్" అని నవ్వుతూ చెప్పింది కాబట్టి కోపం రాలేదు.

ఇక లాడ్జి. భోజనానికి వెళ్తూ ఆ పత్రికల కట్టని ఓ గంట లాడ్జి కౌంటర్ దగ్గర పెట్టి వెళ్లాం. సాయంత్రం నాలుగుకి ఖాళీ చేస్తామంటే కౌంటర్లో అతను కాగితం మీద 3,908 రాసిచ్చాడు. చెకౌట్ మధ్యాహ్నం 12కట, అందుకని రెండు రోజుల అద్దె. దాని మీద 12 శాతం జీఎస్టీ. పత్రికల కట్టకి "లగేజీ చార్జి" 100! 240 పెట్టి కొన్న కట్ట అది.

నిన్న ఫోన్లో 24 గంటలన్నారు కదా అంటే, "అది సీజన్ కానప్పుడు మేడమ్" అన్నాడు. గది అద్దె 7,500 లోపయితే జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే కదా అన్నాను. "మా సాఫ్ట్‌వేర్ ఇంకా మారలేదండీ" అన్నాడు, చేత్తో రాసిన కాగితం నా ముందు పెట్టి. జీఎస్టీ నంబరున్న బిల్లివ్వమంటే ఓనరు ఊళ్లో లేడు. న్యాయంగా అయితే పన్నుతో కలిపి 1,785 కావాలి. అప్పటిదాకా సోఫాలో పేపరు చదువుకుంటున్న బావగారు లేచి, కౌంటర్ మీద మోచేతులు ఆన్చి, "సరే, బిల్లొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం. కాఫీ చెప్పండి" అన్నారు. ముప్పావుగంట కూర్చున్నాం. కాఫీ రాలేదు గానీ లెక్క 2,800కి దిగింది. హైదరాబాద్ బస్సు తప్పిపోతుందని కట్టేశాం. పైన పోయిన 1,015కి ఇంకో అయిదారు పుస్తకాలొచ్చేవని అక్క సూర్యాపేట దాకా లెక్కలు వేస్తూనే ఉంది. గది తీసుకునేటప్పుడే జీఎస్టీ నంబరు గోడ మీద ఉందో లేదో చూడండి. లేకపోతే పన్నుపేరుతో పైసా ఇవ్వకండి.

హైదరాబాద్‌లో పిన్ని ఇంట్లో దిగాం కాబట్టి గది గొడవ లేదు. ఆదివారం పొద్దున ఆబిడ్స్. దుకాణాల షట్టర్లు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లిషు నవలలకి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు, 50కి, 100కి చేతినిండా దొరుకుతాయి. తెలుగు మాత్రం తక్కువ, ఉన్నా ముప్పాతిక వంతు గైడ్లే. పది దాటితే ఎండ, రద్దీ, తొందరగా వెళ్లాలి. సోమవారం కాచిగూడలో నవోదయ పుస్తకాల షాపు. ఏ ప్రచురణకర్త తెలుగు పుస్తకమైనా ముందు అక్కడే అడగాలి. కావలసిన దాని పేరు సగమే గుర్తున్నా అల్మరా దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. విజయవాడలో దొరకని రెండూ దొరికాయి.

ఆబిడ్స్‌లో ఒక తంతు జరిగింది. రెండు ఊళ్లు తిరిగి ఒక్క పుస్తకమూ కొనకపోతే బాగుండదనుకున్నారేమో, బావగారు డబ్బు పొదుపు గురించిన ఇంగ్లిషు పుస్తకం ఒకటి 150కి కొన్నారు. ప్లాస్టిక్ కవరు మెరుస్తోంది గానీ, కాగితం పల్చన, వెనకపేజీ అక్షరాలు ఇటువైపు కనబడుతున్నాయి. అది దొంగ అచ్చని అక్క చెబితే, "మీరు కొంటే పుస్తకం, నేను కొంటే దొంగ అచ్చా?" అని అలిగారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని నిజంగానే చదవడం మొదలుపెట్టారు. కాజీపేట దాటాక 96వ పేజీ తిప్పితే 113 వచ్చింది. ఇల్లు చేరిన మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి, ఆ పదహారు పేజీల కోసం అసలు పుస్తకం 399 పెట్టి కొనుక్కొచ్చారు.