సూపర్ మారియో బ్రదర్స్: టీవీలో ఆడితే మేలా, గేమ్ బాయ్‌లోనా?

మన దగ్గర చాలామంది మారియో వీడియో గేమ్‌ను మొదట చూసింది దాన్ని తయారుచేసిన నింటెండో కంపెనీ అసలు మెషీన్ మీద కాదు. 90లలో టీవీకి తగిలించుకునే నకలు మెషీన్లు వచ్చేవి. వాటిలో పెట్టే క్యాసెట్ మీద వేలకొద్దీ ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే అవే పది ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. ఆ పదిలో మారియో తప్పకుండా ఉండేది. మెషీన్ నకలైనా ఆట మాత్రం 1985 సెప్టెంబరులో జపాన్‌లో నింటెండో వారి టీవీ మెషీన్ ఫామికామ్ మీద విడుదలైనదే. షిగెరు మియమోటో, తకాషి తెజుకా తీర్చిదిద్దిన ఆట, కోజి కొండో కట్టిన బాణీ. 8 వరల్డులు, ఒక్కోదానిలో 4 స్టేజీలు.

అదే ఆటను 1999లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ కలర్ కోసం 'సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్' పేరుతో మళ్లీ తెచ్చారు. 32 స్టేజీలూ అవే, ఇటుకలూ శత్రువులూ ఉన్న చోట్లే ఉన్నారు, వాటికి తోడు బోలెడు అదనపు సరుకు. ఇంకేం, కొత్తదే మేలు కదా అనిపిస్తుంది. కానీ ఎక్కువ సరుకున్న ఆటే మంచి ఆట అనుకుంటే ఇక్కడ బోల్తా పడతాం.

చిక్కంతా తెరతోనే. ఫామికామ్ బొమ్మ 256 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 240 ఎత్తు. గేమ్ బాయ్ కలర్ తెర 160 వెడల్పు, 144 ఎత్తు. బొమ్మల్ని చిన్నవి చేస్తే మారియో చీమంత అయిపోతాడు. అందుకని బొమ్మల సైజు ముట్టుకోకుండా, కనబడే మేర తగ్గించేశారు. ఒక ఇటుక 16 చుక్కలు. అంటే టీవీలో అడ్డంగా 16 ఇటుకలు, నిలువునా 15 కనిపిస్తే, గేమ్ బాయ్‌లో అడ్డంగా 10, నిలువునా 9. విస్తీర్ణం లెక్కేస్తే అసలు బొమ్మలో 40 శాతం కూడా లేదు.

ఇది ఆటను ఎంత మారుస్తుందో చూడండి. బి బటన్ నొక్కి పట్టుకుని పరిగెత్తితే మారియో సెకనుకు తొమ్మిది ఇటుకల పైచిలుకు దాటతాడు. తెర నడిమధ్యన ఉన్నాడనుకుంటే టీవీలో అతని ముందు సుమారు ఎనిమిది ఇటుకల దూరం కనబడుతుంది. గొయ్యి కనబడ్డాక ఎగరడానికి సెకనుకు కాస్త తక్కువ టైం ఉంటుంది. గేమ్ బాయ్‌లో ముందు కనబడేది ఐదు ఇటుకలే, అంటే అర సెకను. టీవీలో చూసి ఎగిరే ఆట ఇక్కడ ఉలిక్కిపడి ఎగిరే ఆట అవుతుంది. 8-1లో, అంటే ఎనిమిదో వరల్డ్ మొదటి స్టేజీలో, వెడల్పాటి గోతుల నడుమ ఒక్క ఇటుకంత నేల ఉండే చోటు గుర్తుందా? టీవీలోనే అక్కడ చెమటలు పట్టేవి.

నిలువు కోత ఇంకా ఇబ్బంది. 3-1లో సుత్తులు విసిరే తాబేళ్లు జంటగా వస్తాయి, ఇటుకల రెండు అరుగుల మీద, ఒకటి కింద, ఒకటి పైన. కింది అరుగు నేలకు నాలుగు ఇటుకల ఎత్తున ఉంటుంది, పైది ఎనిమిది ఇటుకల ఎత్తున. టీవీలో రెండూ కనబడతాయి. ఏది ఎప్పుడు విసురుతుందో చూసుకుని, సుత్తి కిందికి దిగేలోపు దూరిపోవచ్చు. గేమ్ బాయ్‌లో నేల కనబడేలా నిలబడితే పైనున్నవాడు తెరలో ఉండడు, వాడి సుత్తులు మాత్రం ఆకాశం నుంచి రాలుతుంటాయి. ఈ సంగతి తయారుచేసినవాళ్లకూ తెలుసు. పైకి, కిందికి బటన్ నొక్కి తెరను జరుపుకుని చూసుకునే ఏర్పాటు పెట్టారు. నిలబడి ఉన్నప్పుడు అది బాగానే పనికొస్తుంది. పరుగులో ఉన్నప్పుడు అంత తీరిక ఎవరికుంటుంది?

ఇంతవరకు చదివి డీలక్స్‌ను పక్కన పెట్టేయకండి. దాని గొప్పతనం వేరే చోట ఉంది.

అసలు ఆటలో సేవ్ అనేదే లేదు. లైఫ్‌లన్నీ పోతే మళ్లీ మొదటి నుంచే. టైటిల్ తెర మీద ఎ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిపోయిన వరల్డ్ మొదటి స్టేజీ నుంచి ఆడొచ్చు. ఈ కిటుకు తెలిసినవాడు వీధిలో హీరో. అయినా కరెంటు పోతే అంతా గోవిందా. డీలక్స్‌లో ఆడినంతవరకు సేవ్ చేసుకోవచ్చు, వరల్డ్ మ్యాప్ ఉంది, నీళ్లూ లావా కదులుతుంటాయి, ఒక్కరే ఆడుతున్నా మారియో తమ్ముడు లుయీజీని ఎంచుకోవచ్చు.

ఇక ఛాలెంజ్ మోడ్. నా లెక్కలో డీలక్స్ కొనుక్కోవడానికి ఇదొక్కటి చాలు. ప్రతి స్టేజీలో ఐదు ఎర్ర నాణేలు, యోషి అనే డైనోసార్ గుడ్డు ఒకటి దాచిపెట్టారు, పైగా దాటాల్సిన స్కోరు ఒకటి. చిన్నప్పుడు కళ్లు మూసుకుని పరిగెత్తేసిన 1-1లో ఇప్పుడు ప్రతి ఇటుకా కొట్టి చూస్తాం, ప్రతి గొట్టంలోకీ దిగుతాం. విచిత్రం ఏమిటంటే, ఈ వెతుకులాటకు ఆ ఇరుకు తెరే కలిసొచ్చింది. పరుగు లేనప్పుడు ముందు ఎంత దూరం కనబడుతుందన్నది ఎవరికీ పట్టదు, మూలలో ఏముందో కనబడకపోవడమే మజా.

అసలు ఆటలో స్కోరు ఊరికే అలంకారం. డీలక్స్‌లో దానికి విలువ ఇచ్చారు. లక్ష పాయింట్లు దాటితే బూ అనే దయ్యంతో పరుగు పందెం తెరుచుకుంటుంది. మనం గొట్టాలూ గోడలూ ఎక్కి దిగుతుంటే అది వాటిలోంచి దర్జాగా దూసుకుపోతుంది. మూడు లక్షలు దాటితే 1986లో జపాన్‌లో మాత్రమే వచ్చిన రెండో భాగం, 'లాస్ట్ లెవెల్స్', దొరుకుతుంది. అయితే అది పూర్తిగా లేదు. గాలి వీచే చోట్ల గాలి తీసేశారు, లుయీజీ ఎత్తుగా ఎగిరే గుణం లేదు, 8 తర్వాతి వరల్డులూ లేవు. దాన్ని కొసరు కింద లెక్కేసుకోవాలి. ఇద్దరు పందెం ఆడాలంటే రెండు మెషీన్లు, రెండు క్యాసెట్లు, నడుమ ఒక కేబుల్ కావాలి. ఈ మూడూ ఒకచోట చేరిన ఇల్లు మన ఊళ్లలో ఎక్కడైనా ఉందా అని నా అనుమానం.

కాబట్టి మారియోను ఎప్పుడూ ఆడనివాళ్లకు, పిల్లలకు మొదటిసారి చూపించేవాళ్లకు, అసలు ఆటే. అనుమానం అక్కర్లేదు. ఆ స్టేజీలు 16 ఇటుకల వెడల్పు తెర కోసం కొలిచి కట్టినవి. డీలక్స్‌తో మొదలుపెట్టినవాడు గోతుల్లో పడి పడి, ఆటదే తప్పనుకుని వదిలేస్తాడు. 4-1లో మేఘం మీద తిరిగేవాడు ఎప్పుడు వస్తాడో, 4-2లో తీగ ఎక్కడ మొలుస్తుందో నిద్రలో కూడా చెప్పగలిగే పాత చేతులకు మాత్రం డీలక్స్. వాళ్లకు తెరలో లేని ఇటుకలు కూడా కనబడతాయి.

చేతిలోనే ఆడాలి, బొమ్మ కోత ఉండకూడదు అంటే వేరే దారులున్నాయి. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు ఇదే ఆట వచ్చింది. ఆ తెర 240 వెడల్పు, 160 ఎత్తు కావడంతో బొమ్మను నిలువునా అణగదొక్కారు. ముందు దూరం బాగానే కనబడుతుంది గానీ మారియో కాస్త పొట్టిగా, నలిగినట్టు ఉంటాడు. నాకది నచ్చలేదు. 35 ఏళ్ల సందర్భంగా 2020 నవంబరులో వచ్చిన గేమ్ అండ్ వాచ్ బుల్లి మెషీన్ ఈ పని సరిగ్గా చేసింది. 320 వెడల్పు, 240 ఎత్తు తెర కాబట్టి బొమ్మను కోయలేదు, నొక్కలేదు. లాస్ట్ లెవెల్స్ కూడా అందులోనే ఉంది. ఛాలెంజ్ మోడ్ లేదు, ఎర్ర నాణేలు లేవు. తయారీ 2021 మార్చితో ఆపేశారు, ఇప్పుడు ఎక్కడైనా కనబడితే ధర చూసి బేరమాడాల్సిందే.