బీడీఎస్ (దంతవైద్యం) సీటు వస్తుందో రాదో చెప్పే కన్సల్టెన్సీ, విజయవాడ – 12,000 కట్టాం, మా అనుభవం (5కి 4)

మాది గుంటూరు, బ్రాడీపేట. మా పాప 2025 నీట్ రాసింది, ఇంటర్‌తో పాటే, లాంగ్ టర్మ్ కాదు. ఎంబీబీఎస్ రాదని కీ చూసిన రోజే తనకి అర్థమైపోయింది, రెండ్రోజులు ఏడ్చింది, మూడో రోజు తనే వచ్చి "అమ్మా నాకు డెంటల్ ఇష్టమే, కానీ మంచి కాలేజీ అయితేనే చదువుతా" అంది. మంచి కాలేజీ అంటే తన లెక్కలో రెండే, ఢిల్లీ మౌలానా ఆజాద్, లేదంటే మన విజయవాడ గవర్నమెంట్ డెంటల్. మాకేమో ఏది వస్తుందో ఏది రాదో ఓనమాలు కూడా తెలీదు.

ముందు గుంటూరులోనే ఒక ఆఫీసుకి వెళ్ళాం. అక్కడాయన 2024 కటాఫ్ మార్కులు తీసి మా పాప మార్కుల పక్కన పెట్టి చూపించాడు, "చూశారా ఎంత తేడా ఉందో, గవర్నమెంట్ సంగతి వదిలేయండి, ప్రైవేట్‌లో కన్వీనర్ సీటు (ర్యాంకు ప్రకారం గవర్నమెంట్ కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) కూడా రాదు, ఇప్పుడే మేనేజ్‌మెంట్ సీటుకి అడ్వాన్స్ కట్టేయండి, వచ్చే వారం ఈ రేటు ఉండదు" అన్నాడు. ఆ రాత్రి మా వారు అన్నం ముట్టలేదు. పొలం అమ్మే మాట కూడా వచ్చింది ఇంట్లో.

మా ఆడపడుచు చెప్తే బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్న ఈ కన్సల్టెన్సీకి వెళ్ళాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ళు చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా కింద చెప్తున్నా, కానీ ఆ సార్ మీద నాకు గౌరవం ఉంది. మొదటి సిట్టింగ్‌కి 1,000 తీసుకున్నారు, తర్వాత మొత్తం కౌన్సెలింగ్ అయ్యేదాకా 12,000.

కూర్చోగానే నేను మార్కులు చెప్పబోతే ఆయన "మార్కులు పక్కన పెట్టండమ్మా, ర్యాంకు చెప్పండి" అన్నారు. ర్యాంకు ఎంతో ఇక్కడ రాయను, పాప వద్దంది. 2024లో పేపర్ తేలిక, రిజల్ట్స్ రివైజ్ చేశాక కూడా 720కి 720 వచ్చినవాళ్ళు 17 మంది ఉన్నారు, 2025లో ఫిజిక్స్ పిల్లల్ని చంపేసింది, టాపర్‌కే 686. జనరల్ క్వాలిఫైయింగ్ మార్కు కూడా 162 నుంచి 144కి పడిపోయింది. అలాంటప్పుడు పోయినేడు మార్కులతో ఈ ఏడు పిల్లల్ని కొలిస్తే అందరూ ఫెయిలైనట్టే కనపడతారు కదా, ర్యాంకు పోల్చుకుంటేనే నిజం తెలుస్తుంది అని ఆయన చెప్పేదాకా మాకు తట్టలేదు. ఆ ఒక్క మాటకే 1,000 చెల్లు అనిపించింది నాకు, మా వారైతే బయటికొచ్చి మెట్ల మీదే కూర్చుండిపోయారు.

ఆయన పర్సెంటేజీలు చెప్పరు. తెల్ల కాగితం మీద మూడు గడులు గీసి వస్తుంది, అంచున, రాదు అని రాసి ఒక్కో కాలేజీ ఆ గడుల్లో వేస్తారు. మౌలానా ఆజాద్ రాదులోకి వెళ్ళింది, అక్కడ 85 శాతం ఢిల్లీలో చదివిన పిల్లలకే, మనకి మిగిలేది 15 శాతం ఆల్ ఇండియా కోటా, దానికి దేశమంతా పోటీ. కడప గవర్నమెంట్ డెంటల్ కూడా రాదులోకే, లోకల్ ఏరియా లెక్కలో కడప ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) కింద, మన గుంటూరు ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) కింద, సీట్లు ఎక్కువగా ఆ ఏరియా పిల్లలకే. విజయవాడ గవర్నమెంట్ అంచున వేశారు. ఇంకో రెండు ప్రైవేట్ కాలేజీలు కన్వీనర్ కోటాలో వస్తుందిలో వేశారు, పాప మొహం చిన్నబోయింది కానీ నాకు మాత్రం ఊపిరి వచ్చింది.

ఇంకో సంగతి, మొదటి రౌండ్ లాస్ట్ ర్యాంకు చూసి డీలా పడొద్దు, చివరి రౌండ్ లాస్ట్ ర్యాంకు చూసి ఎగిరి గంతేయొద్దు అన్నారు. బీడీఎస్‌లో చేరినవాళ్ళు తర్వాత ఎంబీబీఎస్ రాగానే వదిలేసి వెళ్ళిపోతారు, అందుకని రౌండ్ రౌండ్‌కీ ర్యాంకు కిందకి జారుతుంది. ఏ రౌండ్ ర్యాంకో, ఏ కేటగిరీయో, అమ్మాయిల కోటాలోదో కాదో చూడకుండా ఒక నంబర్ పట్టుకుని కూర్చుంటే ఉపయోగం లేదు.

టాప్ కాలేజీ అంటే ఏంటి సార్ అని పాప అడిగింది. 2022, 2023, 2024 మూడేళ్ళూ ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకుల) డెంటల్ లిస్టులో చెన్నై సవీత ఫస్ట్, కానీ అది డీమ్డ్ (యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేట్ సంస్థ), ఫీజు మీ నాన్నగారు కట్టగలరా అనేది వేరే ప్రశ్న, ఆ లిస్టు ఒక్కటే చూడకమ్మా, పొద్దున్నే తొమ్మిదింటికి వెళ్ళి ఓపీ చూసి రా అన్నారు. వెళ్ళాం. విజయవాడ గవర్నమెంట్ డెంటల్‌లో చీటీల దగ్గర క్యూ, బుగ్గకి తువ్వాలు అదిమిపెట్టుకున్న ఒక ముసలావిడ, తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి ఆవిడ పక్కన వంగి "ఎప్పటినుంచి నొప్పి మామ్మా" అని అడుగుతోంది. మా పాప అక్కడే నిలబడిపోయింది, ఎంత పిలిచినా కదల్లేదు. చేతి పని నేర్చుకోవాలంటే పేషెంట్లు ఉండాలి కదా, ప్రైవేట్‌లో చూసినవాటిలో ఒకదాంట్లో కుర్చీలన్నీ కొత్తవే కానీ సగం ఖాళీ, ఇంకోదాంట్లో బాగానే ఉన్నారు జనం. మా వెబ్ ఆప్షన్ల (ఆన్‌లైన్‌లో మనం కోరుకునే కాలేజీల లిస్టు) వరుస ఆ పూటే మారిపోయింది.

వీళ్ళు చేసిన అన్నిటికంటే పెద్ద మేలు సర్టిఫికెట్ విషయంలో. మేం స్టేట్‌లో బీసీ డి, మా దగ్గరున్న కుల ధృవీకరణ సరిపోతుంది అనుకున్నాం. ఆల్ ఇండియా కోటాలో ఓబీసీ కావాలంటే సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్ (బాగా ఉన్నవాళ్ళం కాదనే) సర్టిఫికెట్, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసింది ఉండాలట. ఆయన చెప్పిన రోజే సచివాలయంలో అప్లై చేశాం, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్నాం. పాప క్లాస్‌మేట్ ఒకమ్మాయికి ఇది తెలీక జనరల్ కింద వెళ్ళాల్సి వచ్చింది, తలుచుకుంటే ఇప్పటికీ బాధ.

ఇక పొరపాటు. రిజిస్ట్రేషన్ చేసింది సార్ కాదు, అక్కడ పనిచేసే కుర్రాడు. ఆల్ ఇండియా కోటాకి మాత్రమే అయితే ఓబీసీకి డిపాజిట్ 5,000, జనరల్‌కి 10,000. డీమ్డ్ కూడా టిక్ పెడితే డిపాజిట్ 2 లక్షలు, పైన తిరిగిరాని ఫీజు 5,000. ఆ కుర్రాడు డీమ్డ్ టిక్ పెట్టేసి "రీఫండబులే మేడమ్, అందరూ కడతారు" అన్నాడు, చీటీ పాట డబ్బులు తెచ్చి కట్టాం. రెండో రౌండ్ ఆప్షన్లు వాళ్ళే పెట్టి లిస్టు వాట్సాప్‌లో పంపారు. ఆ రాత్రి ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద స్కేల్ పెట్టుకుని ఒక్కో లైనూ చదువుతుంటే పాప "అమ్మా, ఇక్కడ పెయిడ్ సీట్స్ అని ఉందేంటి" అంది. చూస్తే రెండు డీమ్డ్ కాలేజీలు, ఏడాదికి లక్షల్లో ఫీజు. రెండో రౌండ్‌లో సీటు ఇచ్చాక చేరకపోతే డిపాజిట్ పోతుంది, అంటే మా 2 లక్షలు. నా చేతులు వణికాయి. పదిన్నరకి సార్‌కి ఫోన్ చేశాను, ఎత్తారు, "తప్పు మాదేనమ్మా" అని లాగిన్ ఓటీపీ అడిగి, లాకింగ్ టైమ్ ముగిసే లోపల తీసేసి కొత్త ప్రింట్ పంపించారు. డబ్బులు వారాల తర్వాత వెనక్కి వచ్చాయి, ఆ తిరిగిరాని ఫీజు 5,000 మాత్రం రాలేదు. నేనైతే కన్సల్టెన్సీ వాళ్ళు తిరిగిచ్చి ఉండాల్సింది అంటాను, అడిగాను కూడా, చూద్దాం అన్నారు, అంతే. ఒక స్టార్ తగ్గించింది అందుకే.

అంచున వేసిన విజయవాడ గవర్నమెంట్ చివరిదాకా అంచునే ఉండి అందలేదు. వస్తుంది అన్న రెండిట్లో ఒకదాంట్లో, ఓపీలో జనం ఉన్నదాంట్లోనే, కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. అడ్వాన్స్ కట్టమన్న ఆయన రాదు అన్న సీటే ఇది. ఇప్పుడు మా ఇంట్లో బల్ల మీదంతా మైనం పొడి, కాలేజీ పని కోసం పాప మైనం దిమ్మ పట్టుకుని పై దవడ కోర పన్ను చెక్కుతుంది అర్ధరాత్రి దాకా, మూడోసారి చేశాక బాగా వచ్చిందని ఫోటో తీసి సార్‌కి పంపింది.

వెళ్ళాలనుకుంటే మొదటి సిట్టింగ్‌కి కచ్చితంగా వెళ్ళండి, 12,000 ప్యాకేజీ మాత్రం ఇంట్లో ఫారాలు చదవగలిగేవాళ్ళు ఎవరూ లేకపోతేనే. ర్యాంక్ కార్డు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కొత్త ఓబీసీ లేదా ఈడబ్ల్యూఎస్ కాగితం పట్టుకెళ్ళండి, సాయంత్రం ఐదు తర్వాత అయితే సార్ తీరిగ్గా మాట్లాడతారు. పిల్లని కూడా తీసుకెళ్ళండి, ఆయన తననే అడుగుతారు.