మంగోలియా నాట్యం నేర్చుకోవాలంటే ఏది మేలు: బియెల్గీనా, యోహొరా, చాప్‌స్టిక్ నాట్యమా?

ఒక్కరే కూర్చుని ఓపిగ్గా నేర్చుకోగలిగితే బియెల్గీ. ముప్ఫైమందిని ఒక్క సాయంత్రంలో ఆడించాలంటే యోహొర్. కాలేజీ వార్షికోత్సవానికి చప్పట్లు రాలే ఐటం కావాలంటే చాప్‌స్టిక్ నాట్యం. త్సామ్ అనే బౌద్ధ ముసుగు నాట్యం సంగతి వేరు, దాన్ని నేర్చుకునే వాటిలో లెక్కేయకూడదు. మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు బియెల్గీకే. మంగోలియా నాట్యాలన్నిటికీ మూలరూపంగా దాన్నే చెబుతారు. అది ఒంటికి పట్టాక మిగతావి తేలిక.

బియెల్గీ పడమటి మంగోలియాది. ఖొవ్ద్, ఉవ్స్ రాష్ట్రాల్లోని బయద్, దోర్వోద్, జఖ్చిన్, తోర్గూద్, ఉరియన్‌ఖై వంటి తెగలు ఎవరి తీరులో వాళ్ళు ఆడతారు. బాగా వచ్చినవాళ్ళంతా వయసు మళ్ళినవాళ్ళు, వాళ్ళ సంఖ్యా తగ్గిపోతోంది. అందుకే యునెస్కో 2009లో దీన్ని అత్యవసరంగా కాపాడుకోవలసిన కళల జాబితాలో చేర్చింది.

ఈ నాట్యం ఎందుకిలా ఉందో తెలియాలంటే గెర్ లోపలికి చూడాలి. గెర్ అంటే పశువుల కాపరుల గుండ్రటి ఉన్నిగుడారం. నడిమధ్య పొయ్యి, గోడ వెంబడి మంచాలు, పెట్టెలు, తలుపు దక్షిణానికి. విందుకి చుట్టాలొచ్చి కూర్చున్నాక పొయ్యి పక్కన మిగిలేది ఒక మనిషి పట్టేంత జాగా. అక్కడ గెంతులు కుదరవు. అందుకని సగం కూర్చునో, బాసింపట్టు వేసుకునో ఆడతారు. పనంతా భుజాలది, చేతులది, మణికట్లది. పాలు పితకడం, వంట, వేట, ఇలా రోజూ చేసే పనులే అభినయం. గుర్రప్పాలు పితికేవాళ్ళు ఒక మోకాలు నేలకానించి, లేపి ఉంచిన రెండో మోకాలి మీద పాత్ర నిలుపుకుంటారు. ఆ భంగిమ ఒకసారి చూస్తే, సగం కూర్చుని ఆడటం విడ్డూరంగా అనిపించదు.

బియెల్గీలోనే మళ్ళీ ఏ తెగది? బయద్‌లు మోకాళ్ళు బయటికి విప్పి, వాటి మీద ఐరగ్ గిన్నెలు నిలబెట్టి ఆడతారు (ఐరగ్ అంటే పులిసిన గుర్రప్పాలు). దోర్వోద్‌లు గిన్నెల్ని తల మీదా చేతుల మీదా నిలుపుతారు. కొత్తవాళ్ళకి దోర్వోద్ తీరే నయం. తల మీది గిన్నె జారబోతే మెడకి ముందే తెలుస్తుంది. మోకాలి మీది గిన్నె పడ్డాకే తెలుస్తుంది.

కూచిపూడి వచ్చినవాళ్ళు ఇక్కడ ఓ తిరకాసులో పడతారు. తరంగంలో నెత్తిన చెంబు, కాళ్ళ కింద పళ్ళెం అలవాటే కాబట్టి గిన్నె వాళ్ళని బెదిరించదు. అరమండి వల్ల మోకాళ్ళూ విచ్చుకునే ఉంటాయి. చిక్కంతా భుజాలతోనే. ఏళ్ళ తరబడి కదలకుండా నిలపడం నేర్చుకున్న భుజాలే ఇక్కడ ఆడాలి. అవి కదిలితే తలా కదులుతుంది, గిన్నె కింద పడుతుంది.

దానికి మందు గోడ. వీపు గోడకి ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. చేతులు వదులుగా వేలాడనివ్వండి. కుడి భుజం గోడని వదిలి ముందుకి రావాలి, ఎడమది గోడకి తగలాలి, మళ్ళీ మార్చాలి. ఎనిమిది లెక్కలు నెమ్మదిగా, తర్వాత ఎనిమిది రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో. ఎక్కువమంది చేసే తప్పు భుజాన్ని పైకి ఎగరేయడం. ఊపిరి బిగబడితే అదే జరుగుతుంది. భుజం చెవి వైపు పోతోందంటే ఆపి, గాలి వదిలి, మళ్ళీ మొదలుపెట్టాలి.

గిన్నె విషయంలో తొందర వద్దు. అడుగు వెడల్పుగా, కాస్త బరువుగా ఉన్న గిన్నె ఎంచుకోండి. స్టీలు గిన్నె నున్నటి జుట్టు మీద జారుతుంది, చెక్కది నయం. మొదట ఖాళీగా, తర్వాత గుప్పెడు బియ్యంతో, చివర్న నీళ్ళతో. బియ్యం ఉన్నచోటే ఉంటాయి. నీళ్ళు ఊగి గిన్నెనే లాగేస్తాయి. బియ్యంతో వచ్చేసింది కదా అని మర్నాడే నీళ్ళు పోస్తే చాప తడవక మానదు.

వాయిద్యాలు ప్రధానంగా రెండు: తొవ్‌షూర్ అనే రెండు తీగల వీణ, ఇకెల్ అనే గుర్రపు వెంట్రుకల తీగల ఫిడేలు. రికార్డింగ్ పెట్టుకుని సాధన చేసేవాళ్ళు తొవ్‌షూర్ ఒక్కటే ఉన్నది వెతుక్కోవాలి. పెద్ద ఆర్కెస్ట్రా జోడించిన వాటిలో మీటు స్పష్టంగా వినపడదు, భుజం దేన్ని పట్టుకోవాలో తెలియదు.

యోహొర్ దీనికి పూర్తిగా ఎదురు. బైకాల్ సరస్సు చుట్టుపక్కల బుర్యాత్‌లది ఈ వలయ నాట్యం. ఆ తెగవాళ్ళు మంగోలియా ఉత్తర, తూర్పు ప్రాంతాల్లోనూ ఉన్నారు. వాయిద్యం అక్కర్లేదు, పాటే తాళం. చేతులు కలిపి, సూర్యుడు తిరిగే దిక్కున, అంటే ప్రదక్షిణంగా తిరుగుతారు. నెమ్మదిగా మొదలై, వేగం పెరిగి, చివరికి గెంతుల్లోకి వెళ్తుంది. అడుగు నేర్చుకోవడానికి పావుగంట చాలు. చెడేది ఒక్కచోటే: వలయం మరీ పెద్దదైతే పాట ఎత్తుకున్నవాళ్ళకి ఎదురుగా ఉన్నవాళ్ళు అర అడుగు వెనకపడతారు, వేగం పెరిగే కొద్దీ చేతులు లాగుకుపోతాయి. పాడగలిగినవాళ్ళని ఒకే చోట కాకుండా నాలుగు వైపులా సర్దితే సరిపోతుంది. పిల్లలకీ, నాట్యం రాదని మొహమాటపడేవాళ్ళకీ ఇంతకన్నా మంచిది లేదు. కాకపోతే చూసేవాళ్ళకి కొంతసేపటికి విసుగు. అది ఆడేవాళ్ళ కోసం పుట్టిందే కానీ చూసేవాళ్ళ కోసం కాదు.

చాప్‌స్టిక్ నాట్యం చైనాలోని ఇన్నర్ మంగోలియాది, ముఖ్యంగా ఓర్దోస్ ప్రాంతానిది. విందులో చేతికందిన చాప్‌స్టిక్‌లే వాయిద్యమయ్యాయి. రెండు చేతుల్లో రెండు కట్టలు పట్టుకుని అరచేతి మీద, భుజం మీద, నడుం మీద, తొడ మీద, పాదం మీద కొట్టుకుంటూ ఆడతారు. కోలాటం వచ్చినవాళ్ళ చెయ్యి అలవాటుగా పక్కవాళ్ళ కట్ట వైపు పోతుంది. ఇక్కడ దెబ్బంతా సొంత ఒంటి మీదే. కట్టని ఒక కొన దగ్గరే బిగించి రెండో కొన వదులుగా ఉంచాలి. రెండు కొనలూ బిగిస్తే గలగల పోయి టక్కుమనే మొండి చప్పుడు మిగులుతుంది. మోచేతితో కొడితే భుజం కమిలిపోతుంది, మణికట్టుతో కొట్టాలి. హుషారులో దీనికి సాటి లేదు. కానీ దీనితో మొదలుపెట్టినవాళ్ళకి చప్పుడు మీదే ధ్యాస నిలిచిపోయి, భుజాల పని ఎప్పటికీ మొరటుగానే ఉండిపోతుంది.

త్సామ్‌ని వీటి పక్కన పెట్టడమే సరికాదు. అది టిబెట్ నుంచి వచ్చిన బౌద్ధ ముసుగు నాట్యం, పూజలో భాగం. ఇప్పటి ఉలాన్‌బాతర్ అయిన ఇఖ్ ఖురేలో 1811లో మొదలై, 1937 నాటి మత అణచివేతతో ఆగిపోయి, ప్రజాస్వామ్యం వచ్చాక మళ్ళీ లేచింది. తెలుగువాళ్ళకి పాత్రలు కొత్తేమీ కావు: మహాకాలుడు, యముడు, కుబేరుడు, గరుత్మంతుడు. ముసుగులు ఎంత పెద్దవంటే ఆడేవాళ్ళు ముసుగు నోట్లోంచి బయటికి చూస్తారు. తెల్లగడ్డం ముసలాయన త్సగాన్ ఓవ్‌గోన్ మాత్రం జనాన్ని నవ్విస్తాడు. వీలుంటే బౌద్ధ మఠంలోనే చూడండి. ఆ ముసుగులు అద్దెకు తెచ్చి ఫ్యాషన్ షోలో నడవడం మాత్రం మానుకోండి.

జూలై 11 నుంచి మంగోలియా జాతీయ పండగ నాదమ్, ఆ రోజుల్లో ఉలాన్‌బాతర్‌లో ప్రదర్శనలకి కొదవ ఉండదు. స్టేజీ బియెల్గీలో చేతులు బారుగా చాస్తారు, అడుగులు పెరుగుతాయి; వెనక వరసకి కనపడాలి కదా. అందులో తప్పేం లేదు. దాన్ని చూసి నేర్చుకునేవాళ్ళు గమనించాల్సింది బట్టల్ని. ఒక్కో తెగకి ఒక్కో కుట్టు, ఒక్కో రంగుల పొందిక. తోర్గూద్ దుస్తులేసుకుని బయద్‌ల లాగా మోకాళ్ళ మీద గిన్నెలు పెడితే, ఖొవ్ద్ నుంచి వచ్చిన పెద్దామె ఎవరైనా మొదటి వరసలో కూర్చుని ఉంటే ఇట్టే పట్టేస్తుంది.