బరంపురంలో ఒక్క రోజుకి కారు మాట్లాడుకుంటే

దసరా సెలవులకి ఒడిశాలోని మా బరంపురానికి హైదరాబాద్ నుంచి నాతో చదువుకున్న ముగ్గురు దిగారు. వాళ్ళకి ఉన్నది ఒక్క రోజు, నాకు ఉన్నది ఒక్క స్కూటీ. అందుకే ఒక ట్రావెల్స్‌లో రోజంతటికీ కారు మాట్లాడాను, డ్రైవర్‌తో కలిపి 2,600. పొద్దున తారాతారిణి కొండ గుడి, మధ్యాహ్నం ఊళ్ళో పట్టుచీరలు, సాయంత్రం గోపాల్‌పూర్ బీచ్ అని ముందే చెప్పాను.

కారుకి వంక పెట్టను, శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది. డ్రైవరన్న మాతో తెలుగు, ఫోన్లో ఒడియా. మావాళ్ళకి అదే వింత, "ఇక్కడ ఇంత తెలుగేంట్రా" అని. 1936 దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీరా, వి.వి.గిరి పుట్టింది ఈ ఊళ్ళోనే అంటే ఒకడు అక్కడికక్కడే ఫోన్లో వెతికి చూసుకున్నాడు, నా మాట మీద అంత నమ్మకం. టిఫిన్‌కి అన్న మమ్మల్ని నాకే తెలియని ఒక బండి దగ్గర ఆపాడు. పూరీలోకి ఉప్మా ఏంటని నవ్వినవాళ్ళే రెండో ప్లేటు చెప్పారు.

తారాతారిణి ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. మెట్లు 999 అనగానే అందరూ రోప్‌వే వైపు నడిచారు. పైనుంచి ఋషికుల్య నది వంపు తిరుగుతూ కనిపిస్తుంటే కదల బుద్ధి కాలేదు, గంటన్నర కూర్చున్నాం. ఆ కూర్చున్నందుకు రాత్రి బిల్లులో "వెయిటింగ్" అని 400 పడింది. మాట్లాడుకున్నప్పుడు ఆ ఊసే లేదు. అడిగితే "అందరికీ ఇంతే సార్" అన్నారు.

చీరల దగ్గర ఇంకో గోల. మేం అడక్కుండానే అన్న పెద్ద షోరూం ముందు ఆపాడు. కమీషన్ సంగతి ఊరివాడిని నాకు తెలీదా. నేతవాళ్ళ వీధికి పోనియ్యమంటే మొహం మాడ్చుకుని, సందులో బండి పట్టదన్నాడు (అది మాత్రం నిజమే). నడిచే వెళ్ళాం. మగ్గం మీద చీర అంచుకి గుడి గోపురాల్లా వరసగా కుంభాలు దిగుతుంటే చూడాలి! జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్న నేత ఇది, ఆడవాళ్ళకి చీర, మగవాళ్ళకి జోడా, అంటే పట్టుపంచె, ఉత్తరీయం. మావాడొకడు తన పెళ్ళికని జోడా కొనేశాడు. సంబంధం ఇంకా కుదరలేదు.

బేరాలతో ఆలస్యమై, గోపాల్‌పూర్ చేరేసరికి లైట్‌హౌస్ మూసేశారు. సాయంత్రం కొద్దిసేపే ఎక్కనిస్తారు, ముందు అది చూసుకోండి. అలలు గట్టివి, లోపలికి దిగొద్దు. పాత రేవు గోడల పక్కన రొయ్యల వేపుడు తింటుంటే వెనక హారన్, డ్యూటీ టైం అయిపోయిందట.

ఊళ్ళో తిరగడానికి ఆటో చాలు. బయటికైతే కారే సుఖం, కానీ గంటలు, కిలోమీటర్లు, వెయిటింగ్ మూడూ కాగితం మీద రాయించుకుని ఎక్కండి. చైత్ర మంగళవారాల్లో తారాతారిణి జోలికి పోకండి, జనం తొక్కేస్తారు. ఐదుకి మూడు ఇస్తున్నా, అందులో ఒకటి ఆ పూరీ ఉప్మా బండి చూపించినందుకు.