పద్దెనిమిదేళ్ల తర్వాత రోలింగ్ స్టోన్స్, కాజీపేట రైల్లో విన్నా

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ ఆల్బమ్ ‘హ్యాక్నీ డైమండ్స్’ని నిజానికి పెద్దగా ఆశ లేకుండానే పెట్టాను. 2005 తర్వాత సొంత పాటలతో వీళ్లు మళ్లీ ఆల్బమ్ తెచ్చింది 2023లోనే, వీళ్ల సింగర్ మిక్ జాగర్‌కి అప్పటికే 80, మా హనుమకొండలో ఆ వయసు తాతలు భద్రకాళి బండ్ మీద నాలుగడుగులు వేసొచ్చి పేపర్ పట్టుకుని కూర్చుంటారు, ఈయనేమో గొంతు చించుకుంటున్నాడు!

కాజీపేటలో రైలెక్కి ‘హ్యాక్నీ డైమండ్స్’ మొదలుపెడితే భువనగిరి రాకముందే అయిపోయింది. 2021లో పోయిన డ్రమ్మర్ చార్లీ వాట్స్ వాయించిన పాటలు రెండున్నాయి, ఆ తాపీ దెబ్బే వేరు. ఒక పాటకి బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ బేస్ గిటార్ వాయించాడు, అది రెండుసార్లు విన్నా. పాప్ సింగర్ లేడీ గాగాతో పాడింది ఏడు నిమిషాలు దాటినా బోర్ కొట్టలేదు.

నచ్చనిది సౌండ్. మరీ నున్నగా చేశారు, వీళ్ల దగ్గర మనకి కావాల్సిందే ఆ గరుకుతనం కదా. పక్కనే ఉన్న మా తమ్ముడు ఒక ఇయర్‌బడ్ లాక్కుని కాసేపు విని, “కొత్త బ్యాండా అన్నా?” అన్నాడు. మెచ్చుకున్నట్టో, పాలిష్ ఎక్కువైందన్నట్టో అర్థం కాలేదు.

ఆఖరి పాట మాత్రం వదలొద్దు. వాళ్లు తమ బ్యాండ్‌ పేరు తీసుకున్నదే ఆ పాట నుంచి, అమెరికన్ బ్లూస్ సింగర్ మడ్డీ వాటర్స్ పాత పాట అది, గిటార్, మౌత్ ఆర్గాన్, గొంతు, అంతే.