సముద్రంలో ప్లాస్టిక్: ఏరే పథకాన్ని పొడిగించాలా, ఆపే పథకాన్నా?

సముద్రంలో ప్లాస్టిక్‌ను తగ్గించే పథకాల గడువు తీరి, వాటిని పొడిగించేటప్పుడు ఎక్కువ డబ్బు దేనికి పెట్టాలి? తీరాల్లో చెత్త ఏరడానికా, ప్లాస్టిక్ అసలు నీళ్లదాకా రాకుండా ఆపడానికా?

ఏరడం కంటికి కనిపించే పని. అమెరికాలోని బాల్టిమోర్ హార్బర్‌లో 2014లో పెట్టిన నీటిచక్రం యంత్రం కొట్టుకొచ్చే సీసాలను, కవర్లను పట్టి పైకి లాగుతుంది. తెగిపోయిన చేపల వలలకైతే ఏరడం తప్ప దారి లేదు. జాలరి వదిలేసినా అవి తాబేళ్లను చుట్టేస్తూనే ఉంటాయి, పాపం. కానీ ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ముక్కలై 5 మిల్లీమీటర్ల కన్నా చిన్నదైపోతే? ఇసుకలో కలిసిన ఆ రంగురంగుల పలుకులను ఎన్ని చేతులు ఏరగలవు?

ఆపే పథకాల బలం ఇక్కడే తెలుస్తుంది. జర్మనీలో 2003 నుంచి వాడిపారేసే సీసాలకు డిపాజిట్ ఉంది, అంటే కొనేటప్పుడే సీసాకు కొంత అదనంగా కట్టాలి. ఖాళీ సీసాను షాపులోని మెషీన్‌లో పెడితే 25 సెంట్లు వెనక్కి వస్తాయి. డబ్బొచ్చే సీసాను కాలవలో పారేయడానికి ఎవరికీ చేయి రాదు. యూరోపియన్ యూనియన్ 2021 జులైలో ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్ల అమ్మకానికి అడ్డుకట్ట వేసింది. నిషేధానికి నిఘా కావాలి, అదొక్కటే టెన్షన్.

నా ఓటు ఆపడానికే. ఏరే పథకంలో మాత్రం వలలు తీసే పనికి ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు.