దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్: ఫీజు పరీక్షకే, పాఠం మనమే వెతుక్కోవాలి

ముందే తేల్చి చెప్పేస్తాను. ఉద్యోగం చేసుకుంటూ ఎకనామిక్స్ నేర్చుకోవాలని ఉంటే దూరవిద్యలో ఎం.ఏ. చేయొచ్చు. సర్టిఫికెట్ చాలనుకుంటే ఇంకా నిక్షేపంగా చేయొచ్చు. ఎవరో కూర్చోబెట్టి నేర్పిస్తారనుకుని ఫీజు కడితే మాత్రం ఆ డబ్బులు దండగ. నేను చదివిన యూనివర్సిటీ పేరు రాయడం లేదు. ఒంగోలులో స్టడీ సెంటర్ ఉంది, అంతవరకు చాలు. వేరే చోట్ల చేరిన ఇద్దరు ముగ్గురిని అడిగితే వాళ్లూ ఇంచుమించు ఇదే కథ చెప్పారు.

నాది బీకాం. ఒంగోలు దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. చీమకుర్తి రాయి వస్తుంది, కోసి పాలిష్ పట్టి పంపుతారు, బిల్లులూ జీఎస్టీ రిటర్నులూ నా పని. పుట్టిల్లు కొండపి దగ్గర పల్లె. మా నాయన పొగాకు రైతు, ఆకు కాల్చే బ్యారన్ ఉంది. డిగ్రీ ఏదైనా సరే ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరొచ్చని తెలిసి అప్లై చేశాను. పరీక్ష ఫీజులతో సహా రెండేళ్లకీ ఇరవై వేలు దాటలేదు. ధర దగ్గర వంక పెట్టేదేమీ లేదు.

వంక పెట్టాల్సింది మెటీరియల్‌కి. అడ్మిషన్ అయ్యాక పుస్తకాలు రావడానికి ఎంత కాలం పట్టిందంటే, అప్పటికి మొదటి అసైన్‌మెంట్ గడువు నెత్తి మీదకి వచ్చేసింది. వచ్చిన పుస్తకాల్లో ప్రణాళికా సంఘం ఇంకా బతికే ఉంది. దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది 2015 జనవరి 1న. పన్నుల పాఠంలో ఎక్సైజ్, సర్వీస్ టాక్స్, అమ్మకం పన్ను వేటికవే విడివిడిగా ఉన్నాయి. 2017 జూలై నుంచి జీఎస్టీతో కుస్తీ పడుతున్నదాన్ని, నాకే ఆ పాఠం చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వడ్డీ రేట్ల విషయంలో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌దే నిర్ణయం అన్నట్టు రాశారు. 2016 నుంచి ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ ఓటు వేసి రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, తేలుస్తోంది. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర, అటూ ఇటూ రెండు శాతం మించకుండా ఉంచాలన్నది దానికి పెట్టిన లక్ష్యం. ఈ ముక్క న్యూస్ పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు, మా పుస్తకానికి తప్ప.

సిద్ధాంతం పేపర్లకి ఈ బాధ లేదు. ఆర్థికవేత్తల్లో రికార్డో 1817లో చెప్పిన తులనాత్మక ప్రయోజనం, కీన్స్ 1936లో చెప్పిన సార్థక డిమాండ్, సోలో 1956 వృద్ధి నమూనా ఇప్పటికీ అవే. పుస్తకం పాతదైనా నష్టం లేదు. అక్కడ వచ్చిపడే ఇబ్బంది వేరు, లెక్కలు. బీకాంలో మేం చేసిన లెక్కలు కూడికలూ శాతాలూ. ఇక్కడ మొదటి పేపర్‌లోనే లగ్రాంజియన్ అని ఒకటి తగులుతుంది, ఉన్న డబ్బులోనే ఎక్కువ తృప్తి ఎలా వస్తుందో తేల్చే లెక్క. వస్తువుల పేర్లు ఎక్స్, వై. ముందు ఒక లామ్డా. తర్వాత ‘అవకలనం చేయగా’ అని రాసి కింద జవాబు. ఎలా చేశారో చెప్పరు. అప్పుడప్పుడు నేరుగా పెట్టే కాంటాక్ట్ క్లాసులో అడిగితే, "అది అంత ముఖ్యం కాదమ్మా, డయాగ్రమ్ వేసి డెఫినిషన్ రాయండి, మార్కులు పడతాయి" అన్నారు.

పడతాయి, నిజమే. కానీ తెలుసుకోవాలని కదా చేరింది. మా ఎదురింట్లో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లాడున్నాడు. ఆదివారాలు వాడికి టిఫిన్ పెట్టి కూర్చోబెట్టాను.

"ఆంటీ, ఇది పార్షియల్. ఎక్స్ మీద చేసేటప్పుడు వైని కదపకండి, అది మామూలు నంబర్ అనుకోండి."

"మరి ఈ లామ్డా ఎందుకు?"

"అది మాకు లేదాంటీ. మీరే చెప్పాలి."

అదేమిటో నేనే తేల్చుకున్నాను. చేతిలో వంద రూపాయలు ఉన్నాయి. ఎక్స్ ధర రెండు, వై ధర ఐదు. ఏది ఎన్ని కొన్నామో ఆ రెండు అంకెలూ గుణిస్తే వచ్చేదే మన తృప్తి అనుకుందాం. లెక్క చేస్తే డబ్బులో సగం దీనికి, సగం దానికి పోతుంది: ఎక్స్ 25, వై 10, తృప్తి 250. లామ్డా 5 వస్తుంది. ఇప్పుడు వంద బదులు నూట ఒక్క రూపాయి ఉందనుకుని మళ్లీ చేశాను. తృప్తి 255 చిల్లర. ఆ పెరిగిన ఐదే లామ్డా. అంటే ఇంకొక్క రూపాయి చేతికొస్తే ఎంత లాభమో అది చెబుతోంది. ఆ రాత్రి వంట లేటయింది. రెండేళ్లలో నాకు నచ్చిన రోజు ఏదంటే అదే చెబుతాను. ఒక్క అంకెల ఉదాహరణ ఇస్తే పోయేదానికి పుస్తకంలో పేజీలకు పేజీలు గుర్తులే నింపారు.

కాంటాక్ట్ క్లాసుల గురించి ఎక్కువ రాయను. కొన్ని ఆదివారాలు ఒక డిగ్రీ కాలేజీలో పెట్టారు. వచ్చిన సారు మంచాయనే, ఓపికగా మెటీరియల్ చదివి వినిపించారు. అది ఇంట్లో మేమూ చదువుకోగలం. జనం అటెండెన్స్ కోసం కాదు, "ఈసారి ఏం వస్తాయి సార్" అని అడగడానికి వచ్చేవాళ్లు.

అసైన్‌మెంట్లకి ముప్పై మార్కులు, పరీక్షకి డెబ్భై. బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపుల్లో రాసి పెట్టిన జవాబులు దొరుకుతాయి, అందరూ అవే ఎక్కిస్తారు. దిద్దేవాళ్లు అన్నిటికీ ఒకే వరసలో మార్కులు వేస్తారు. నేను సొంతంగా రాసినదానికి ఎదుటివాళ్ల కంటే రెండు మార్కులు తక్కువే వచ్చాయి. దీని గురించి గొడవ పడేంత టైమ్ ఉద్యోగం చేసేవాళ్లకి ఎక్కడ ఉంటుంది?

ఇంత చెప్పాక కూడా చేయొచ్చని ఎందుకన్నానంటే, ఈ సబ్జెక్టుకి కావాల్సిన సరుకు మన వైపు ఊరూరా ఉంది. నేను రెండో ఏడాదిలో ఉండగా, 2025లో, నల్ల బర్లీ పొగాకు వ్యవహారం జరిగింది. పర్చూరు వైపు మా మేనమామ ఆ పంట వేశాడు. ముందటి ఏడాది కంపెనీలు మంచి ధర పెట్టాయి, దాంతో ఊరు ఊరంతా అదే వేసింది. ఆకు చేతికొచ్చేసరికి కొనేవాళ్లు మొహం చాటేశారు. చివరికి ప్రభుత్వం తన సహకార కొనుగోలు సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. మామ నన్ను పట్టుకుని, "ఏమ్మా, పోయినేడు ఇంటికొచ్చి ఎత్తకపోయిన ఆకు, ఈ యేడు దండం పెట్టినా కొనరేంది? మీ పుస్తకాల్లో రాశారా?" అన్నాడు.

రాశారు. సాలెగూడు సిద్ధాంతం అని మైక్రోలో ఒక చిన్న పాఠం ఉంది. రైతు ఈ ఏడు ఎంత వేయాలన్నది నిరుటి ధర చూసి తేల్చుకుంటాడు. ధర బాగుంటే అందరూ వేస్తారు, సరుకు ఎక్కువై ధర పడుతుంది, మరుసటేడు మానేస్తారు, ధర లేస్తుంది. ధరకి రైతు స్పందించినంతగా కొనేవాడు స్పందించకపోతే ఈ ఊపు ఏటేటా పెద్దదవుతుంది. డయాగ్రమ్ గీసి చూపించాను. మామ దాన్ని కాసేపు చూసి, "ఇది తెలిసీ ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, సిలబస్‌లోనూ లేదు.

మా నాయన వేసే వర్జీనియాకి కథ వేరు. దానికి పొగాకు బోర్డు ఉంది. ఏటా ఎంత పండించాలో బోర్డే చెబుతుంది, బ్యారన్లు రిజిస్టర్ చేయాలి, అమ్మకం వేలం కేంద్రంలోనే. బర్లీకి ఆ వేలంపాట లేదు, కంపెనీలూ వ్యాపారులూ నేరుగా కొంటారు. ఒకే ప్రాంతంలో పొగాకే, రెండు రకాల మార్కెట్లు! ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఏ యూనివర్సిటీ ఇవ్వగలదు? టంగుటూరు వేలం కేంద్రంలో నాయన పక్కన నిలబడి చూశాను. బేళ్లు, అంటే ఆకు కట్టలు, వరసగా పెట్టి ఉంటాయి. కొనుగోలుదార్లు పిడికెడు ఆకు లాగి, వేళ్లతో నలిపి, రంగు చూసి ముందుకి పోతారు. ఎవరూ పాడకపోతే నోబిడ్. ఆ బేలు బండెక్కి ఇంటికి రావాల్సిందే. రైతులు వందల్లో ఉంటే పాడేవాళ్లు గుప్పెడు మంది. అమ్మేవాళ్లు ఎందరున్నా కొనేవాడు ఒక్కడే అయితే దాన్ని మోనాప్సనీ అంటారు, ఇది దానికి దగ్గరి చుట్టం. 1933లో జోన్ రాబిన్సన్ పుస్తకంతో ఆ మాట వాడుకలోకి వచ్చింది. మా మెటీరియల్‌లో దానికి దక్కింది అర పేజీ, అందులో ఉదాహరణ గనిలో పనిచేసే కూలీలది. 2020లో అర్థశాస్త్రం నోబెల్ పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకి వచ్చింది వేలంపాటల సిద్ధాంతం మీదే. మా రెండేళ్ల సిలబస్‌లో వేలం ఊసే లేదు. పొగాకు వేలాలు జరిగే జిల్లాలో చదువుతున్నవాళ్లకి ఇది కొరతే.

పరీక్షలో మన ఉదాహరణలు రాస్తే మార్కులు తగ్గుతాయని కొందరు భయపెడతారు. నా అనుభవం అది కాదు. ప్రభుత్వ విత్తశాస్త్రంలో, ధర పెరిగినా గిరాకీ అంతగా తగ్గని సరుకు మీద పన్ను వేస్తే భారం ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నకి సారా తీసుకున్నాను. ధర పెంచినా తాగేవాడు మానడు, ఇంట్లో బియ్యం డబ్బులు తెస్తాడు, ఖజానా నిండుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు దుకాణం మూయించింది ఆ భారం తమ మీద పడింది కాబట్టేనని, 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చాయని, రాబడి లోటు భరించలేక 1997లో ఎత్తేశారని రాశాను. నాకు ఎక్కువ మార్కులు వచ్చింది ఆ పేపర్‌లోనే.

పాఠం ఎక్కడ వెతుక్కోవాలంటే, కేంద్ర సార్వత్రిక యూనివర్సిటీ ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో వాళ్ల ఎం.ఏ. పాఠాలన్నీ ఉచితంగా ఉన్నాయి. అక్కడ చేరకపోయినా చదువుకోవచ్చు. భాష ఇంగ్లీషు, కానీ లెక్కలు మెట్టు మెట్టుగా చేసి చూపిస్తారు. వీడియోలు కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ ఉంది. తెలుగులో అయితే తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలతో మొదలుపెట్టండి. బీఏలో ఎకనామిక్స్ లేని నాలాంటివాళ్లకి అవి లేకుండా ఎం.ఏ. పుస్తకం మింగుడుపడదు. భారత ఆర్థిక వ్యవస్థ పేపర్‌కి మాత్రం యూనివర్సిటీ పుస్తకం పక్కన పడేసి, కేంద్రం బడ్జెట్ ముందు విడుదల చేసే ఆర్థిక సర్వే చదవండి. అదీ ఉచితమే.

రిజల్ట్స్ ఆలస్యం, హెల్ప్‌లైన్ ఎత్తకపోవడం, ఒక పేపర్‌లో హాజరైనా ఆబ్సెంట్ అని పడటం, ఇవన్నీ జరిగాయి. ఆ ఆబ్సెంట్ సరిచేయించుకోవడానికి హాల్ టికెట్ మీద ఇన్విజిలేటర్ సంతకం పనికొచ్చింది. హాల్ టికెట్లు పారేయకండి, కాన్వొకేషన్ అయ్యేదాకా ఫైల్‌లో పెట్టుకోండి.

లెక్చరర్ కావాలనుకునేవాళ్లకి నా సలహా వేరు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలంటే జనరల్ కేటగిరీకి పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకి 50. ఇలా బొటాబొటీగా పాసయ్యేవాళ్లు ఎక్కువగా ఉండే పద్ధతిలో ఆ గీత దాటడం తేలిక కాదు. పైగా నెట్ పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, తెలుగు మీడియంలో రాసి పాసైనవాళ్లకి అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలు. వయసూ వీలూ ఉంటే పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాసి రెగ్యులర్‌లో చేరండి. నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008 నుంచి ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ 2022లో వచ్చింది. ఏ ఏడాది ఏ కోర్సులో సీట్లు ఉన్నాయో కౌన్సెలింగ్‌లో చూసుకోవాలి.

దూరవిద్యే అనుకుంటే, ఏజెంట్ మాటలు నమ్మకుండా ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూడండి. 2024 నుంచి ఆ విభాగం ఇచ్చే డెబ్ ఐడీ లేకుండా అడ్మిషన్ చెల్లదు. దానికి ముందు, చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా లాంటి ఏబీసీ ఐడీ చేసుకోవాలి. రెండూ ఫోన్‌లోనే అయిపోతాయి, ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

రెండో ఏడాది ఐచ్ఛికాల్లో ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక గణాంకాలని లెక్కలతో విశ్లేషించే పేపర్, ఉంటే తప్పించుకోకండి. అందరూ భయపడి వదిలేస్తారు గానీ, గ్రెట్ల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, రిజర్వ్ బ్యాంక్ ఇచ్చే గణాంకాలు అందులో పోసి రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకోటి ఎంత మారుతుందో తేల్చే లెక్క) చేస్తే ఆ పేపర్ ఒక్కటే ఆఫీసులోనూ పనికొస్తుంది. మా యూనిట్‌లో కరెంటు బిల్లుకీ కోసిన రాయికీ లెక్క కట్టి చూపించాను. ఏ నెలల్లో బిల్లు తేడాగా వస్తోందో పట్టుకున్నాం, ఓనర్ గారు మీటర్ మార్పించారు.